రుచి నుంచి గింజకు: సొంత పేల్ ఏల్ రూపకల్పన

పేల్ ఏల్ నాలుగు పదార్థాల బీరు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (మాల్ట్), హాప్స్ అనే తీగకు పూసే ఆకుపచ్చని పూలు, ఈస్ట్, నీరు తప్ప దీనికి మరేదీ అవసరం లేదు. లేత రంగు మాల్ట్ ఆధారంగా ఉండటం, 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పనిచేసే ఏల్ జాతి ఈస్ట్‌తో పులియడం, హాప్స్ తాలూకు చేదూ పరిమళమూ స్పష్టంగా తెలియడం ఈ కోవ బీర్ల ముఖ్య లక్షణాలు. నల్లని స్టౌట్‌లో మాడ్చిన గింజల ఘాటు, జర్మన్ గోధుమ బీరులో ఈస్ట్ నుంచి పుట్టే అరటిపండు, లవంగాల వాసన తయారీలోని చిన్న లోపాలను కప్పగలవు గాని, పేల్ ఏల్‌లో అటువంటి తెర ఏదీ లేకపోవడం వల్ల మాల్ట్ పాలు కొంచెం పెరిగినా, హాప్స్ వేసిన సమయం పావుగంట మారినా, పులిసే చోట వేడి నాలుగు డిగ్రీలు ఎక్కువైనా ఆ తేడా గ్లాసులో తెలిసిపోతుంది. ఇంట్లో బీరు తయారుచేసే అభిరుచి గలవారు సొంత రెసిపీ రాయడం నేర్చుకోవడానికి దీనిని మించిన బీరు లేదు.

రెసిపీ రాయడానికి తొలిసారి కూర్చున్నవారు సాధారణంగా దుకాణంలో దొరికే పదార్థాల పట్టిక ముందు పెట్టుకొని, నచ్చినవాటిని ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోతారు. మూడు రకాల కారమెల్ మాల్ట్, ఐదు రకాల హాప్స్, నురుగు కోసం కొంత గోధుమ, ఒంటి నిండుదనం కోసం కొంత ఓట్స్ చేరేసరికి ఏది ఏ రుచిని ఇస్తున్నదో తయారుచేసినవారికే అంతుపట్టదు. రూపకల్పన ఇందుకు ఎదురు దిశలో సాగవలసిన పని. గ్లాసులో ఏ రుచి ఉండాలో ముందుగా నిర్ణయించి, ఆ రుచిని సంఖ్యలుగా మార్చి, ఆ సంఖ్యల నుంచి గింజల తూకానికీ హాప్స్ తూకానికీ వెనక్కి నడవాలి. పట్టికలోకి వచ్చే ప్రతి పదార్థానికీ ఒక కారణం ఉండాలి, కారణం చెప్పలేని పదార్థాన్ని నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి. ఈ వ్యాసం అమెరికన్ పేల్ ఏల్‌ను ఉదాహరణగా తీసుకొని, 20 లీటర్ల బ్యాచ్ ఒకదానికి పాళ్లు ఎలా కుదురుతాయో ఆ క్రమంలోనే పరిశీలిస్తుంది.

బర్టన్ నుంచి చికో దాకా

లేత రంగు బీరు పుట్టుక ఇంగ్లండ్‌లో ఇంధనం మారడంతో ముడిపడి ఉంది. మొలకెత్తిన బార్లీని కట్టెల మంటపై ఆరబెట్టినంత కాలం వేడి అదుపులో ఉండేది కాదు, గింజకు పొగ వాసన పట్టేది, రంగు ముదిరేది. 17వ శతాబ్దంలో బొగ్గు నుంచి తీసిన కోక్‌తో ఆరబెట్టడం మొదలైన తరువాతే పొగ అంటని, రంగు తేలికైన మాల్ట్ వీలైంది. తరువాతి కాలంలో ట్రెంట్ నది ఒడ్డున ఉన్న బర్టన్ పట్టణం ఈ బీరుకు రాజధాని అయింది, అక్కడి సీసాలూ పీపాలూ కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు చేరాయి. ఈనాడు ఇండియా పేల్ ఏల్ అని పిలిచే దగ్గరి చుట్టానికి ఆ పేరు ఈ ఎగుమతి వల్లనే వచ్చింది. బర్టన్ గొప్పతనం అక్కడి పనివారి నేర్పులో ఎంత ఉందో బావుల నీటిలోనూ అంత ఉంది. ఆ నీటి సంగతి తరువాత వస్తుంది.

ఇప్పుడు ప్రపంచమంతటా ఇళ్లలో తయారవుతున్న పేల్ ఏల్ మాత్రం ఇంగ్లండ్ కంటే కాలిఫోర్నియాకే ఎక్కువ రుణపడి ఉంది. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తివేసినప్పుడు ఇంటి అవసరానికి వైన్ చేసుకునే వీలు కలిగింది గాని, బీరుకు ఆ వెసులుబాటు దక్కలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చి, ఒక వయోజనుడు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల బీరును పన్ను లేకుండా తయారుచేసుకునే హక్కునిచ్చింది. రాష్ట్రాలు తమ చట్టాలను విడిగా మార్చుకోవలసి రావడంతో చివరి రెండు రాష్ట్రాలైన మిసిసిపీ, అలబామాలలో ఆ హక్కు 2013లో గాని రాలేదు. సారా బట్టీ పెట్టే అనుమతిని ఆ చట్టం ఇవ్వలేదన్నదీ గుర్తుంచుకోవలసిన విషయమే. ఆ తొలి ఏళ్లలో చార్లీ పపాజియన్ 1978లో కొలరాడోలోని బౌల్డర్‌లో మిత్రునితో కలిసి స్థాపించిన అమెరికన్ హోంబ్రూయర్స్ అసోసియేషన్, 1984లో ఆయన ప్రచురించిన చేతిపుస్తకం ఈ అభిరుచిని గరాజుల నుంచి సామాన్యుల వంటిళ్లకు తెచ్చాయి.

కాలిఫోర్నియాలోని చికో అనే చిన్న పట్టణంలో 1976లో ఇంటి బీరు సామగ్రి దుకాణం తెరిచిన కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసీతో కలిసి సియెర్రా నెవాడా అనే చిన్న బ్రూవరీ పెట్టి, 1980 చివరిలో తొలి బ్యాచ్ కాచాడు. ఒక బ్యాచ్‌కూ మరొక బ్యాచ్‌కూ రుచి కుదరకపోవడంతో తొలి బ్యాచ్‌లు ఎన్నింటినో పారబోసిన తరువాతే వారి పేల్ ఏల్ బజారుకు వచ్చింది. దాని పరిమళానికి మూలమైన క్యాస్కేడ్ అనే హాప్ రకం, ఇంగ్లండ్‌కు చెందిన ఫగుల్, రష్యాకు చెందిన సెరెబ్రియాంకా వారసత్వంతో ఆరెగన్‌లోని కొర్వాలిస్‌లో అమెరికా వ్యవసాయ శాఖ చేపట్టిన ప్రజనన కృషి నుంచి పుట్టి 1972లో రైతులకు విడుదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రిట్జ్ మేటాగ్ నడిపిన యాంకర్ బ్రూవరీ 1975లో అదే హాప్‌తో లిబర్టీ ఏల్ తయారుచేసి దారి చూపింది. ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో పెరిగిన ఒక తీగ, రెండు మూడు చిన్న కార్ఖానాల పట్టుదల కలిసి ఒక కొత్త శైలికి జన్మనివ్వడం ఆహార చరిత్రలో అరుదుగా జరిగే విషయం.

తెలుగు పాఠకులకు ఇక్కడొక స్పష్టత అవసరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడాన్ని అనుమతించవు, అది బీరైనా సరే. కాబట్టి ఇక్కడ ఈ విద్య లైసెన్సు పొందిన మైక్రోబ్రూవరీల నిపుణులకే పరిమితం. చట్టం అనుమతించే అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో స్థిరపడిన, అక్కడి వయోపరిమితి దాటిన తెలుగువారికి మాత్రం దిగువ లెక్క నేరుగా పనికివస్తుంది.

కావలసిన బీరును సంఖ్యలుగా మార్చడం

ఊహించిన రుచిని మాటలలో రాసుకోవడం మొదటి పని. ఇక్కడ తీసుకున్న ఉదాహరణను ఇలా వర్ణించవచ్చు: తేనెరంగులో ఉండాలి, నోట్లో పడగానే పంపరపనస తొక్కను గిల్లినప్పటి వాసన, వెనుకనే బిస్కెట్ వంటి మాల్ట్ తీపి, చివర నాలుకపై కాసేపు నిలిచి శుభ్రంగా తొలగిపోయే చేదు ఉండాలి, రెండో గ్లాసుకు మొహం మొత్తకూడదు. ఈ నాలుగు మాటలూ నాలుగు కొలతలుగా మారతాయి.

మొదటి కొలత సాపేక్ష సాంద్రత, అంటే అదే పరిమాణం నీటితో పోల్చినప్పుడు ద్రవం ఎంత బరువుందో చెప్పే సంఖ్య. మాల్ట్ చక్కెరలు కరిగిన ద్రవాన్ని వర్ట్ అంటారు. అది పులియకముందు ఉన్న ఆరంభ సాంద్రతకూ, పులిసిన తరువాత ఉన్న అంతిమ సాంద్రతకూ మధ్య తేడాను 131.25తో గుణిస్తే ఘనపరిమాణంలో ఆల్కహాల్ శాతం దాదాపుగా వస్తుంది. రెండవది చేదు, దీనిని ఐబీయూ అనే యూనిట్లలో లెక్కిస్తారు, ఒక యూనిట్ అంటే లీటరు బీరులో సుమారు ఒక మిల్లీగ్రాము చేదు పదార్థం. మూడవది రంగు, నాలుగవది పులియడంలో చక్కెర ఎంత శాతం ఖర్చవుతుందన్నది. బీరు పోటీల న్యాయనిర్ణేతలు అనుసరించే మార్గదర్శకాలు అమెరికన్ పేల్ ఏల్‌కు 1.045 నుంచి 1.060 వరకు ఆరంభ సాంద్రతను, 30 నుంచి 50 ఐబీయూలను, 4.5 నుంచి 6.2 శాతం ఆల్కహాల్‌ను హద్దులుగా పెడతాయి. రెండో గ్లాసుకు కూడా తేలికగా ఉండాలన్న కోరికను మన్నించి ఈ హద్దుల మధ్యలో 1.052 ఆరంభ సాంద్రతను, 1.012 అంతిమ సాంద్రతను, 35 ఐబీయూలను ఎంచుకుంటే ఆల్కహాల్ 5.25 శాతంగా తేలుతుంది.

చేదును విడిగా చూడటం కంటే సాంద్రతతో కలిపి చూడటం మేలు. రే డేనియల్స్ 1996లో రెసిపీ రూపకల్పనపై రాసిన పుస్తకంతో బాగా వ్యాపించిన పద్ధతి ప్రకారం, ఐబీయూలను సాంద్రతలోని చివరి రెండు అంకెలతో భాగిస్తారు; ఇక్కడ 35ను 52తో భాగిస్తే 0.67 వస్తుంది. ఈ నిష్పత్తి సగం దగ్గర ఉన్న బీరులో మాల్ట్ తీపి పైచేయిగా ఉంటుంది, ఒకటి దగ్గరకు వెళితే చేదు పెత్తనం చేస్తుంది. ఈ నిష్పత్తి ఒక్కటే అంతా చెప్పదు గాని, అదే 35 ఐబీయూలు తేలికపాటి 1.040 బీరులో గరుకుగా, గట్టి 1.070 బీరులో తీపి వెనుక దాగినట్టుగా ఎందుకుంటాయో ఇది వెంటనే తెలియజేస్తుంది.

గింజల లెక్క

మాల్ట్ అంటే నానబెట్టి, మొలక రాగానే ఎండబెట్టి ఆ మొలకను ఆపిన ధాన్యం. పిల్లల జావ కోసం రాగులను మొలకెత్తించి పిండి పట్టించే తెలుగు ఇళ్లలో ఈ రసాయనం తరతరాలుగా పరిచితమే. మొలకెత్తిన రాగుల జావ పలచగా, తియ్యగా ఉండటానికి కారణమైన అమైలేజ్ ఎంజైములే బార్లీలోని పిండి పదార్థాన్ని కోసి చక్కెరగా మారుస్తాయి. పేల్ ఏల్‌కు తొంభై శాతం పైగా ఆధారం లేత రంగు మూల మాల్ట్, దానికి తోడుగా కొద్దిగా కారమెల్ మాల్ట్. కారమెల్ మాల్ట్‌ను తడిగా ఉన్నప్పుడే వేడిచేసి, గింజ లోపలే పిండిని చక్కెరగా మార్చి, ఆ తరువాత వేయిస్తారు. అందువల్ల దానిలో పాకం వంటి తీపి, రంగు, ఈస్ట్ పూర్తిగా తినలేని కొన్ని పదార్థాలు ఉంటాయి. దాని రంగును 19వ శతాబ్దపు ఇంగ్లిష్ బ్రూవర్ జోసెఫ్ లోవిబాండ్ పేరిట ఉన్న డిగ్రీలలో కొలుస్తారు.

తూకం కట్టే పద్ధతి సూటిగానే ఉంటుంది. సాంద్రత 1.052లోని 52ను 20 లీటర్లతో గుణిస్తే 1,040 పాయింట్లు కావాలి. గింజలోని చక్కెర అంతా వర్ట్‌లోకి రాదు, ఇంటి సామగ్రితో 70 శాతం వస్తే సాధారణం. కాబట్టి గింజలో 1,486 పాయింట్లు ఉండాలి. మంచి మూల మాల్ట్ ఒక కిలోకు, ఒక లీటరు లెక్కన, సుమారు 308 పాయింట్లు ఇస్తుంది, కారమెల్ మాల్ట్ 284 దాకా ఇస్తుంది. కారమెల్ మాల్ట్ 350 గ్రాములు అనుకుంటే అది దాదాపు 100 పాయింట్లు సమకూరుస్తుంది, మిగిలిన 1,386కు నాలుగున్నర కిలోల మూల మాల్ట్ సరిపోతుంది. మొత్తంలో కారమెల్ వాటా ఏడు శాతం. లోవిబాండ్ కొలతపై 40 డిగ్రీల రకం తీసుకుంటే బీరు రంగు అమెరికన్ బ్రూవర్లు వాడే ఎస్ఆర్ఎమ్ కొలతలో 7 దగ్గర తేలి, కోరిన తేనెరంగు వస్తుంది.

ఆ ఏడు శాతాన్ని పన్నెండుకో పదిహేనుకో పెంచాలన్న ఆశ ఈ దశలో బలంగా పుడుతుంది, దానిని జయించడమే రెసిపీకి మేలు. కారమెల్ మాల్ట్ ఎక్కువైన పేల్ ఏల్ మొదటి గుక్కలో నిండుగా, ఆకర్షణీయంగా ఉన్నా, గ్లాసు సగానికి వచ్చేసరికి పాకం తీపి నాలుకకు పట్టి హాప్స్ పరిమళాన్ని మింగేస్తుంది. సీసాలో కొన్ని వారాలు నిలవున్నాక ఆ తీపి ఎండుద్రాక్ష వాసనగా మారుతుంది. గోధుమను, ఓట్స్‌ను, రై గింజను ఈ తొలి రెసిపీలోకి రానివ్వకపోవడానికి కూడా కారణం ఉంది. అవి చెడ్డవి కావు, వాటికి పని ఉన్న బీర్లు వేరే ఉన్నాయి.

మరపట్టిన గింజను వేడినీటిలో గంటసేపు నానబెట్టే ప్రక్రియను మ్యాషింగ్ అంటారు, బీరు ఒంటి తీరు ఇక్కడే నిర్ణయమవుతుంది. బీటా అమైలేజ్ అనే ఎంజైము పిండి గొలుసుల చివరలను కత్తిరించి ఈస్ట్ ఇష్టంగా తినే మాల్టోజ్‌ను ఇస్తుంది, అయితే 65 డిగ్రీలు దాటిన కొద్దీ అది త్వరగా నశిస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 డిగ్రీల దగ్గర కూడా నిలిచి గొలుసులను మధ్యలో ఎక్కడపడితే అక్కడ కోస్తుంది, ఆ ముక్కలలో కొన్నింటిని ఈస్ట్ తినలేదు. అందువల్ల 64 డిగ్రీల దగ్గర నానబెడితే బీరు పొడిగా, తేలికగా వస్తుంది, 69 దగ్గరైతే నిండుగా వస్తుంది. ఈ రెసిపీకి 67 డిగ్రీలు తగినవి. కిలోకు మూడు లీటర్ల చొప్పున 14.5 లీటర్ల నీటిని 73 లేదా 74 డిగ్రీలకు వేడిచేసి, గది వేడిలో ఉన్న గింజను అందులో కలిపితే మిశ్రమం 67 దగ్గర నిలుస్తుంది. మ్యాషింగ్‌కు తగిన సామగ్రి లేనివారు మూల మాల్ట్ బదులు సుమారు 2.6 కిలోల పొడి మాల్ట్ సారం వాడి, కారమెల్ మాల్ట్‌ను మాత్రం గుడ్డ సంచిలో కట్టి వేడినీటిలో అరగంట ఉంచితే ఇదే సాంద్రతకు చేరుకుంటారు.

చేదుకూ పరిమళానికీ ఒకే పువ్వు

హాప్స్ పువ్వు రేకుల మొదళ్లలో పసుపు పచ్చని జిగురు పొడి ఉంటుంది. చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలు, పరిమళానికి మూలమైన మిర్సీన్, లినలూల్, జెరానియోల్ వంటి తైలాలు ఈ పొడిలోనే పక్కపక్కన ఉంటాయి, కాని వేడి ముందు వాటి స్వభావాలు పూర్తిగా వేరు. ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు, మరిగినప్పుడు తమ అణువుల అమరిక మార్చుకొని ఐసో ఆల్ఫా ఆమ్లాలైతే గాని బీరుకు నిలకడైన చేదు రాదు, ఆ మార్పుకు సమయం కావాలి. తైలాలు మాత్రం అదే సమయంలో ఆవిరితో ఎగిరిపోతాయి. గంట మరిగిన హాప్ చేదును ఇచ్చి వాసనను పోగొట్టుకుంటుంది, మంట ఆర్పాక వేసిన హాప్ వాసనను ఇచ్చి చేదును దాచుకుంటుంది. పేల్ ఏల్ రూపకల్పనలో అతి సూక్ష్మమైన, అతి ఆనందకరమైన భాగం ఈ రెండు స్వభావాల మధ్య గడియారాన్ని పంచడమే.

తొలి రెసిపీకి ఒకే హాప్ రకాన్ని వాడటం ఉత్తమం. ఆ రకం క్యాస్కేడ్ కావడానికి మూడు కారణాలు చెప్పవచ్చు: కోరిన పంపరపనస వాసన దాని సహజ గుణం, దాని ఆల్ఫా ఆమ్లాలు 4.5 నుంచి 7 శాతం మధ్య ఉండటం వల్ల తూకంలో ఐదారు గ్రాముల తేడా వచ్చినా చేదు అదుపు తప్పదు. ఈ శైలి దాని చుట్టూనే రూపుదిద్దుకున్నది గనుక వచ్చిన ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి బజారులో నమూనాలు ఉన్నాయి. ప్యాకెట్ మీద ముద్రించిన ఆల్ఫా శాతాన్ని తప్పక చూడాలి, ఎందుకంటే ఒకే రకంలోనూ పంటను బట్టి అది మారుతుంది. ఇక్కడ 6 శాతం అనుకుందాం.

గ్లెన్ టిన్‌సెత్ రూపొందించిన, ఇంటి బ్రూవర్లు నేటికీ ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం, 1.052 సాంద్రత గల వర్ట్‌లో 60 నిమిషాలు మరిగిన హాప్స్ నుంచి ఆల్ఫా ఆమ్లాలలో సుమారు 22.7 శాతం, 10 నిమిషాలు మరిగినవాటి నుంచి 8.2 శాతం చేదుగా మారతాయి. 40 గ్రాముల క్యాస్కేడ్‌లో 2.4 గ్రాముల ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. 20 లీటర్లకు పంచితే లీటరుకు 120 మిల్లీగ్రాములు, అందులో 22.7 శాతం అంటే 27 ఐబీయూలు. చివరి 10 నిమిషాలకు వేసే 30 గ్రాములు ఇదే లెక్కన మరో 7 ఐబీయూలకు పైగా ఇస్తాయి, దానితో మొత్తం 35కు అతి దగ్గరగా వస్తుంది. మంట ఆర్పి వర్ట్ 80 డిగ్రీలకు దిగాక వేసి ఇరవై నిమిషాలు ఉంచే మరో 30 గ్రాములు కొద్దిపాటి చేదును కలిపినా, వాటి అసలు పని పరిమళమే. పులియడం ముగింపుకు వచ్చాక చల్లని బీరులోనే మూడు రోజులు నానబెట్టే 50 గ్రాములది కూడా పూర్తిగా పరిమళం పనే. ఈ పద్ధతిని డ్రై హాపింగ్ అంటారు. అంటే మొత్తం 150 గ్రాములలో 40 గ్రాములకే చేదు బాధ్యత అప్పగించి, మిగతా 110 గ్రాములను ప్రధానంగా వాసన కోసం కేటాయించినట్టయింది.

హాప్స్‌ను కొనేటప్పుడు గాలి చొరని రేకు సంచులలో, ఫ్రీజరులో నిలవున్నవే తీసుకోవాలి, పాతబడిన హాప్స్ చీజ్ వాసన వేస్తాయి. కుక్కలు పెంచుకునేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి: హాప్స్ కుక్కలకు విషం, ఒంటి వేడిని ప్రాణాంతకంగా పెంచుతాయి గనుక వడకట్టిన పిప్పిని పెరట్లో పారవేయకూడదు.

నీరు

బర్టన్ బావుల నీరు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు ఉన్న రాతి పొరల గుండా ఊరుతుంది. ఆ ఖనిజమే అక్కడి బీరు పదునైన చేదుకు కారణమని సి.డబ్ల్యు. విన్సెంట్ అనే రసాయన శాస్త్రవేత్త 1878లో గుర్తించాక, ఇతర పట్టణాల బ్రూవర్లు తమ నీటిలో జిప్సం కలపడం మొదలుపెట్టారు. సల్ఫేటు చేదును పొడిగా, స్పష్టంగా నిలబెడుతుంది, క్లోరైడు మాల్ట్ నిండుదనాన్ని పెంచుతుంది, కాల్షియం మ్యాషింగ్‌లో ఆమ్లత్వాన్ని సరైన మేరకు తెచ్చి ఈస్ట్ అడుగుకు చేరడానికి తోడ్పడుతుంది. బర్టన్ నీటిలో సల్ఫేటు లీటరుకు 600 మిల్లీగ్రాములకు మించి ఉంటుందని చెబుతారు, ఇంటి బీరులో అంత అవసరం లేదు. గింజ పీల్చుకునేది, మరిగి ఆవిరయ్యేది కలుపుకొని ఈ బ్యాచ్‌కు మొత్తం 30 లీటర్ల నీరు పడుతుంది. ఆర్వో యంత్రం నుంచి వచ్చిన లవణాలు లేని నీరైతే అందులో 8 గ్రాముల జిప్సం కలపడం వల్ల లీటరుకు 150 మిల్లీగ్రాముల సల్ఫేటు, 60 మిల్లీగ్రాముల కాల్షియం చేరుతాయి. కుళాయి నీరు వాడేవారు ఊరి నీటి సరఫరా శాఖ ప్రకటించే ఖనిజాల వివరాలు చూసి ఈ తూకం తగ్గించుకోవాలి. ఆ నీటిలోని క్లోరిన్, క్లోరమిన్ మాల్ట్‌లోని ఫినాల్ పదార్థాలతో కలిస్తే బీరుకు మందుల వాసన వస్తుంది కాబట్టి, పొటాషియం మెటాబైసల్ఫైట్ ఉన్న క్యాంప్‌డెన్ మాత్రను సగం నలిపి ముందుగానే కలపాలి.

ఈస్ట్‌ది చివరి మాట

హాప్స్‌కు చోటివ్వాలంటే ఈస్ట్ తన సొంత వాసనలను తక్కువగా ఉంచాలి. సియెర్రా నెవాడా బీరుతో ముడిపడి చికో జాతిగా పేరుపడిన ఈస్ట్ అలాంటిదే. ఈ కోవకు చెందిన యూఎస్-05 అనే పొడి ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ 20 లీటర్లకు సరిపోతుంది. ఇది వర్ట్ సాంద్రతలో 77 శాతాన్ని తేలికగా తినగలదు, 52 పాయింట్లలో 40 ఖర్చయి 12 మిగలాలన్న ముందటి లెక్క ఆధారపడినది ఈ గుణం మీదనే. పులిసేటప్పుడు ఈస్ట్ వేడిని పుట్టిస్తుంది, పీపాలోని బీరు గది కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. అందువల్ల కొలవవలసినది గది వేడిని కాదు, బీరు వేడిని. అది తొలి మూడు నాలుగు రోజులు 18 నుంచి 19 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, ఆ తరువాత 21కి పెరగనిస్తే వెన్న వాసన వేసే డయాసిటైల్‌ను ఈస్ట్ తానే శుభ్రం చేస్తుంది. మొదటి రోజులలోనే 25 దాటనిచ్చిన బీరులో పండ్ల వాసనలు, ఘాటైన ఆల్కహాల్ మంట పుట్టుకొస్తాయి, ఎంత మంచి హాప్స్ అయినా వాటిని కప్పలేవు. టెక్సాస్, అరిజోనా వంటి వేడి ప్రాంతాలలో ఉన్నవారికి పాత ఫ్రిజ్, దానికొక ఉష్ణోగ్రత నియంత్రణ పరికరం ఖరీదైన గింజల కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

మిగిలిన పనిని క్లుప్తంగా చెప్పవచ్చు. వర్ట్‌ను మూత లేకుండా గంట మరిగించాలి; మూత వేస్తే ఉడికిన మొక్కజొన్న వాసన వేసే డైమిథైల్ సల్ఫైడ్ లోపలే ఉండిపోతుంది. తరువాత వేగంగా 18 డిగ్రీలకు చల్లార్చాలి, ఆ క్షణం నుంచి బీరుకు తగిలే ప్రతి గొట్టమూ, గరిటా, సీసా క్రిమిరహితంగా ఉండాలి. పది పద్నాలుగు రోజుల తరువాత, రెండు మూడు రోజుల ఎడంతో, సాంద్రతను చూపే హైడ్రోమీటర్‌తో తీసిన రెండు కొలతలు ఒకటే అయినప్పుడు లీటరుకు ఆరేడు గ్రాముల గ్లూకోజ్ కలిపి గోధుమరంగు సీసాలలో నింపాలి. ఆ కొలతలు తీయకుండా తొందరపడితే మిగిలిన చక్కెర పులిసి సీసాలు పేలే ప్రమాదం ఉంది. గోధుమరంగు గాజు ఎందుకంటే, వెలుతురు తగిలిన ఐసో ఆల్ఫా ఆమ్లాలు విరిగి దుర్వాసన గల గంధక పదార్థంగా మారతాయి. 20 డిగ్రీల గదిలో రెండు వారాలకు నురుగు సిద్ధమవుతుంది, హాప్స్ పరిమళం తాజాగా ఉండే తొలి రెండు నెలలలోనే ఈ బీరును తాగడం మంచిది.

రెండో బ్యాచ్

రెసిపీ రూపకల్పనలో నిజమైన అభ్యాసం మొదటి సీసా తెరిచాక మొదలవుతుంది, ఎందుకంటే అప్పటిదాకా కాగితం మీద ఉన్న ప్రతి సంఖ్యకూ ఇప్పుడు ఒక రుచి తోడవుతుంది. బీరు పలచగా తోస్తే మ్యాషింగ్ వేడిని 68కి పెంచవచ్చు, చేదు గొంతులో గరుకుగా నిలిస్తే జిప్సం సగం చేయవచ్చు, వాసన చాలకపోతే మంట ఆర్పాక వేసే హాప్స్‌ను 30 నుంచి 50 గ్రాములకు పెంచవచ్చు. కాని ఒక బ్యాచ్‌లో ఒక మార్పే చేయాలి, రెండు మార్పులు కలిస్తే ఫలితానికి ఏది కారణమో తేలదు. ఆరంభ, అంతిమ సాంద్రతలు, మ్యాషింగ్ వేడి, పులిసిన రోజుల వేడి, హాప్ ప్యాకెట్ మీది ఆల్ఫా శాతం రాసిన నోటుపుస్తకం లేకుండా ఈ క్రమశిక్షణ సాధ్యం కాదు.

హాప్ రకాన్ని మార్చేటప్పుడు ఈ లెక్కకు అసలు పరీక్ష వస్తుంది. 1990లో విడుదలైన సెంటెన్నియల్ అనే రకం క్యాస్కేడ్‌కు దగ్గరి వాసనలు కలిగి, నిమ్మ, పూల వైపు మొగ్గు చూపుతుంది, దాని ఆల్ఫా ఆమ్లాలు 10 శాతం దగ్గర ఉంటాయి. 6 శాతం హాప్ 40 గ్రాములైతే 10 శాతం హాప్ 24 గ్రాములు చాలునని త్రైరాశికం చెబుతుంది గాని, చివరి 10 నిమిషాలకు వేసే 30 గ్రాములు కూడా ఇప్పుడు ఎక్కువ చేదును ఇస్తున్నాయన్న సంగతిని అది చూడదు. వాసన కోసం ఆ 30 గ్రాములను అలాగే ఉంచితే వాటి చేదు 7 నుంచి 12 ఐబీయూలకు పెరుగుతుంది, కనుక మొత్తం 35 దగ్గర నిలవాలంటే గంటసేపు మరిగే హాప్స్‌ను 20 గ్రాములకే పరిమితం చేయాలి.